నోట్లో పట్టీ

2022, జూన్ 7

ఈ డైరీ ఎరువుల దుకాణం వాళ్ళు కొత్త సంవత్సరానికి నాయినకు ఇచ్చింది. ప్రతి పేజీ అడుగున పచ్చ అక్షరాలతో రైతుకు ఒక సలహా ఉంది. అమ్ముకునేవాళ్ళ సలహా నాకెందుకు. దాని మీదుగానే రాసుకుంటూ పోతాను. వెనక అయిదు నెలల కాగితాలు ఖాళీగా ఉండనీ. వాటిలో ఏం జరిగిందో నాకు తెలుసు.

ఇవాళ బత్తాయి మొక్కను నల్ల సంచిలోంచి తీసి పెయింటు డబ్బాలో పెట్టాను. డబ్బా అడుగున ఇనుపచువ్వ కాల్చి ఆరు బొక్కలు పొడిచాను. ఎర్రమట్టి, మేకపెంట, కొంచెం ఇసుక.

ఇది నాయిన కట్టిన ఆఖరి అంటు. తిప్పర్తి దిక్కున్న నర్సరీలో ముప్ఫై ఏళ్ళు బత్తాయి అంట్లు కట్టిన కుడిచెయ్యి జనవరిలో ఈ ఒక్కటి కట్టింది. మార్చిలో పడిపోయింది. పక్షవాతం. మాట కొంచెం తిరిగొచ్చింది. కాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేస్తాడు. చెయ్యి మాత్రం తడి తువ్వాల లెక్క వేలాడుతుంది. అందుకని ఈ మొక్క చావకూడదు. అంతే.

ఇంట్లో ఎండ రాదు. నేనూ అమ్మా డబ్బాను పట్టుకొని డాబా మీదికి ఎక్కించాం. పదకొండు మెట్లు, చేతికి పట్టుకోవడానికి కమ్మీ లేదు. సగం మెట్ల మీద ఉండగా ఇంటామె అండాలమ్మ బయటికొచ్చింది.

“ఏందది? నా స్లాబు మీద తోట వెడ్తున్నవా?”

“ఎండకు గూడ కిరాయి ఉందా అండాలమ్మా?”

“నోరా కైంచా పిల్లా అది?”

“చిన్నది, ఏమనుకోకు అక్కా,” అంది అమ్మ.

నాకు ఇరవై రెండేళ్ళు.

జూన్ 8

నాయినకు చెప్పాను, మొక్కను డాబా మీద పెట్టానని. గోడ వైపు చూస్తూ “మంచిది” అన్నాడు.

జూన్ 15

నేను పనిచేసే జిరాక్స్ దుకాణం క్లాక్ టవర్ వెనక సందులో ఉంది. నల్లగొండలో ఎవరికి కోపమొచ్చినా ముందు మా దగ్గరికే వస్తారు. అంగన్‌వాడీ టీచర్లు, మున్సిపాలిటీలో ఊడ్చేవాళ్ళు, హాస్టల్ పిల్లలు. వెయ్యి కరపత్రాలు తీస్తే వెయ్యిన్నొకటోది నాది. కాలేజీ మూడేళ్ళలో చెప్పనిది ఆ వెయ్యిన్నొకటో కాగితాలు చెప్పాయి.

ఇవాళ ఒకాయన తెచ్చిన దాంట్లో ఈ వాక్యం ఉంది: “కృతజ్ఞత అనేది పైవాడు కిందివాడికి నేర్పిన మర్యాద.” రెండుసార్లు చదివాను. ఒళ్ళు జల్లుమంది.

మా అమ్మ బాలనర్సమ్మ హాస్టల్లో వంట చేస్తుంది. అన్నం మెత్తగా ఉడికితే స్తోత్రం, బస్సులో సీటు దొరికితే స్తోత్రం, నాయిన ముద్ద మింగితే స్తోత్రం. రాత్రి ఆమెకు ఆ వాక్యం చదివి వినిపించాను.

“మంచిగనే రాసిండు. ఆయన తిన్నడా లేదా అడిగినవా?” అంది.

జూన్ 29

ఆకు మీద పిట్ట రెట్ట వేసిందనుకున్నాను. మర్నాడు ఆ రెట్ట నడిచింది. గొంగళిపురుగు.

దానికీ బతికే హక్కుందని ఒకరోజు వదిలేశాను. నాలుగు ఆకులు మిగల్చకుండా తిన్నది. ఇవాళ దాన్ని కాగితం మీద కిందికి తెచ్చి నాయినకు చూపించాను. దవాఖానలో ఇచ్చిన రబ్బరు బంతిని నెలరోజులుగా ముట్టని మనిషి, ఎడమచేతి బొటనవేలు చాపి దాన్ని నలిపేశాడు.

“దానికి హక్కు లేదా నాయినా?”

“ఉంది. నా చెట్టు మీద లేదు.”

మూడు నెలల్లో అంత పొడుగు మాట ఇదే. అమ్మ స్తోత్రం అంది. నేను అనలేదు. కానీ ఆ బొటనవేలిని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

జూలై 11

ఇవాళ మొక్క నాకు పాఠం చెప్పింది.

అంటు ముడికి కింద, మొదట్లోంచి రెండు కొత్త చిగుర్లు లేచాయి. ఎర్రగా, నిక్కబొడుచుకొని. పైకొమ్మ ఇన్ని నెలలకు మూరెడు పెరిగింది. ఇవి వారంలో జానెడయ్యాయి.

అంటు అంటే ఏమిటో చిన్నప్పటినుంచి చూస్తూనే ఉన్నాను. కింద ఉండేది జంబేరి, ఎవరికీ అక్కరలేని ముళ్ళనిమ్మ. రాళ్ళలోకి వేరు దించి, ఉప్పునీళ్ళు తాగి బతుకుతుంది. దాని మొదట్లో బత్తాయి కన్ను, అంటే చిగురు వేసే మొగ్గ, అతికించి, అది పట్టాక జంబేరి తల నరికేస్తారు. నీళ్ళు తోడేది జంబేరి, కాసేది బత్తాయి. చెట్టు పేరు కూడా బత్తాయి చెట్టే. నర్సరీ కూడా అంతే. కట్టింది నాయిన, బోర్డు మీద పేరు ఓనరు సారుది.

ఇప్పుడు ఆ జంబేరి లేస్తున్నది. దాన్ని ఆపడానికి నేనెవరిని? రెండు చెంబులు ఎక్కువ పోశాను.

జూలై 24

రాయనన్నది రాస్తున్నాను. రాస్తే పోతుందేమో.

జనవరిలో మార్కెట్ యార్డులో సభ పెట్టారు. మంచి అంట్లు పెంచినందుకు నర్సరీ సారుకు శాలువా కప్పారు. నాయిన ఆఖరి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు చూసి నేను ఆగలేకపోయాను. పోయి మైకు గుంజుకున్నాను. “ఆ అంట్లు కట్టింది ఈయన కాదు. మా నాయిన ఏసోబు. అగో, ఆ వెనక కూసున్నడు,” అన్నాను. అందరూ వెనక్కి తిరిగారు. నాయిన తల దించుకున్నాడు.

ఆ తర్వాత నాయిన నర్సరీకి పోవడం ఆగిపోయింది. మార్చిలో పడిపోయాడు. ఈ రెంటికీ సంబంధం లేదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు నర్సరీలో నాయిన వెనక నీడలో కూర్చున్నాను. సారు వచ్చి “ఏం ఏసోబు, ఇంకెన్ని ఉన్నయ్?” అన్నాడు. నాయిన వంగిన వీపు వంగినట్టే ఉంది. తల ఊపాడు. “నిన్నే అడుగుతున్న,” అన్నాడు సారు. మళ్ళీ ఊపాడు. నోరు విప్పలేదు. ఆ తల ఊపుడును నేను పద్నాలుగేళ్ళుగా మోస్తున్నాను. నా నోరు ఇట్లా కత్తెర అయిందంటే అందుకే.

రాసినా పోలేదు.

జూలై 30

సాయంత్రం నాయిన తనంతట తానే అడిగాడు.

“ఎట్లుంది?”

“మోకాలు దాటింది నాయినా.”

“ముండ్లు… పెద్దగున్నయా?”

“ఇంచుకు తక్కువ లేవు. దాని జోలికి ఎవలొస్తరో చూస్త.”

“ఒక ఆకు తెంపుకరా.”

“పచ్చి ఆకు తెంపుడెందుకు? చెట్టు అన్నం వండుకునేది ఆకులతోనే గద.”

“నా కత్తి ఏడుంది?”

అంటు కత్తి, ముప్ఫై ఏళ్ళు ఆయన నడుముకు ఉన్నది. దాన్ని ఏప్రిల్‌లోనే తీసుకుపోయి దుకాణం సొరుగులో దాచాను. “దానితోని ఇగ పనిలేదు. ఆ పని నిన్ను తిన్నది నాయినా. ఆ ముచ్చట మనింట్ల వద్దు,” అన్నాను.

గోడ వైపు తిరిగాడు. అలసిపోయి ఉంటాడు.

ఆగస్టు 9

సంబంధం లేదు.

ఆగస్టు 21

అండాలమ్మతో మళ్ళీ. డబ్బా కింది నీళ్ళు స్లాబులోకి ఇంకి ఆమె మంచం మీద చుక్కలు పడుతున్నాయట.

“ఉత్తగ రాలె పిల్లా ఈ ఇల్లు. పోచంపల్లిల ఇరవై ఏండ్లు మగ్గం గుంతల కాళ్ళు వెట్టి కట్టిన ఇల్లు. నువ్వొచ్చి చెంబుతోని కూలగొట్టకు.”

“చెంబెడు నీళ్ళకు కూలేది ఇల్లెట్లయితది?”

గంట తర్వాత ఆమే నాలుగు ఇటుకలు కొంగులో వేసుకొని పైకొచ్చింది. డబ్బా ఎత్తి ఇటుకల మీద పెట్టి, కింద పళ్ళెం పెట్టింది. నేను థాంక్స్ చెప్పలేదు. స్లాబు ఆమెది, అవసరం ఆమెది.

మూడోసారి నాయిన అడిగాడు, పైకి తీసుకుపొమ్మని. ఆ మెట్ల మీద ఎట్లా? కాలికి బలమొచ్చాక అని అమ్మ చెప్పింది.

సెప్టెంబర్ 12

జంబేరి నా నడుం దాకా వచ్చింది. ముదురాకుపచ్చ, చెయ్యి పెడితే రక్తం చూపిస్తుంది. పైన బత్తాయి కొమ్మ పసుప్పచ్చ అవుతున్నది. ఆకులు రాలుతున్నాయి. పోనీ. ఇన్నాళ్ళూ ఒకరి వేరు మీద బతికింది.

నాయిన ఆఖరి అంటు కదా అని మనసు ఒకటే సణుగుతున్నది. ఆయన కట్టింది ముడి. ముడి గట్టిగానే ఉంది. మొక్క బతికే ఉంది.

సెప్టెంబర్ 24

దుకాణం సొరుగులోంచి కత్తి తెచ్చాను. సాయంత్రం డాబా ఎక్కి బత్తాయి కొమ్మను ముడి దగ్గర కోసేశాను. పిట్టగోడ మీంచి అవతలికి విసిరేశాను. ఏ కత్తితో జంబేరిని బానిస చేశారో, ఆ కత్తితోనే.

రేపు నాయినకు చెబుతాను. సంతోషిస్తాడు.

సెప్టెంబర్ 25, ఆదివారం

ఒక్కటొక్కటే రాస్తాను.

పొద్దున అమ్మ చర్చికి పోయింది. నాయినకు చాయ్ ఇచ్చి చెప్పాను. “బత్తాయి తల తీసేసిన నాయినా. ఇగ జంబేరి దాని బతుకు అది బతుకుతది.”

చాయ్ కింద పెట్టాడు. “ఏది తీసినవ్? ముడి మీదిదా, కిందిదా?”

“మీదిది. మొక్క బతికే ఉంది.”

“మొక్క జంబేరిది,” అన్నాడు. ఒక్కో మాటకు ఊపిరి కూడగట్టుకుంటూ అన్నాడు. “నేను కట్టింది కన్ను. కన్ను నుంచి వచ్చింది ఆ కొమ్మ.”

ఎడమచేత్తో కుడిచేతిని తీసుకొని ఒళ్ళో పెట్టుకున్నాడు. పడుకున్న పసిపిల్లను జరిపినట్టు. నన్ను తిట్టలేదు. నాకు అప్పుడు తెలిసింది ఏం చేశానో. మొదటి పేజీలో నేనే రాసుకున్నాను, ఇది చావకూడదని. దాన్ని ఆయన కత్తితోనే కోశాను.

“కొమ్మ ఏడ పడేసినవ్?”

ఉరికాను. గోడ అవతల వెతికాను. చెత్త బండి ఏడింటికే వచ్చిపోయింది. మోరీలో కర్రతో కెలికాను. లేదు.

ఇవాళ ఎంగిలిపూల బతుకమ్మ. అండాలమ్మ వాకిట్లో తంగేడు, గునుగు కుప్పలు పోసుకొని పళ్ళెం సదురుతున్నది. నన్ను చూసి “ఏం వెతుకుతున్నవ్, ముండ్లకొమ్మనా? నిన్న పొద్దూకి నా నెత్తి మీద పడబోయె,” అంది.

“ఏడుంది?”

“బతుకమ్మ అడుగుకు ఆకులకని బకీట్ల వెట్టిన. ఇగ తీసేటందుకే చూస్తున్న.”

తంగేడు పూలకట్టల మధ్య బకీటు నీళ్ళలో నిలబడి ఉంది. రాత్రంతా తడిలో ఉంది. ఆకులు రాలాయి గానీ పుల్ల పచ్చగా ఉంది. దాన్ని తీసి గుండెకు పట్టుకున్నాను. ముల్లు గుచ్చింది.

“ఏమాయె పిల్లా, మొఖం గట్లయింది?”

కొమ్మతో ఇంట్లోకి ఉరికాను. ఆమెకు నేను జవాబు చెప్పకపోవడం ఇదే మొదలు. పూలు అక్కడే వదిలేసి నా వెనకే వచ్చింది.

నాయిన పుల్లను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గోటితో కొంచెం గీరి చూశాడు. “ఉంది పానం,” అన్నాడు. “పైకి పోదాం.”

“ఆ మెట్లు…”

“పోదాం.”

మెట్టు మీద వెనక్కి తిరిగి కూర్చుని, మంచి కాలు తన్ని, ఒక్కో మెట్టూ వెనక్కి వెనక్కి ఎక్కాడు. నేను పైనుంచి చంకల కింద పట్టుకున్నాను. పడిపోయిన కాలిని అండాలమ్మ ఎత్తి మెట్టు మెట్టుకూ జరిపింది. “ఏసోబన్నా, నువ్వు జారితె నా మెట్లకు చెడ్డపేరు,” అంది. పదకొండు మెట్లకు ఎంతసేపు పట్టిందో తెలియదు. కింద అండాలమ్మ పూలు వాడిపోతూనే ఉన్నాయి.

పైన నాయిన జంబేరిని చూశాడు. ఒక ఆకు తెంపి నలిపి వాసన చూశాడు. నవ్వాడు. మార్చి తర్వాత ఆయన నవ్వు చూడటం ఇదే. మూతి ఒకవైపుకే పోయింది.

“జంబేరి తోట వెట్టినవ్ బిడ్డా.”

“నాకు తెల్వదు నాయినా.”

“దాని తప్పు లేదు. గట్టి కాలున్నది. అది లేకుంటె బత్తాయి మన రాళ్ళల్ల రెండేండ్లు బతకదు. కని దాని కాయ కొరికితె నాలుగు దినాలు నోట్లె పండ్లు పులుస్తయ్.” ఊపిరి తీసుకున్నాడు. “మల్ల కడ్దాం.”

“ఎవలు?”

నా చేతుల వైపు చూశాడు.

పుల్లకు మూడు కండ్లే పనికొచ్చేవి ఉన్నాయి. జంబేరి మొదట్లోంచి లేచిన రెండు పిలకల్లో ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని కోయించాడు. ఉంచిన పిలకను ఎడమచేత్తో కదలకుండా పట్టుకున్నాడు. బెరడు మీద అడ్డంగా ఒక గాటు, దాని కిందికి నిలువుగా ఒక గాటు. బెరడును రెండు రెక్కల్లాగా విప్పి, కన్నును చెక్కు తీసి అందులోకి జారవిడవాలి. ఆయన చూపించిన చోటే మొదటి కన్నును కోశాను. కత్తి కట్టెలోకి దిగింది. కన్ను రెండు ముక్కలైంది.

“కోపంతోని కోస్తున్నవ్,” అన్నాడు. “కాగితం గాదు.”

రెండోది జారవిడిచాను. చూసి తల అడ్డంగా ఊపాడు. “తలకిందులు వెట్టినవ్. గది పుట్టి పాతాళానికి పోతదా?” దాన్ని తిరగేస్తుంటే చర్మం ఊడిపోయింది.

ఇక ఒక్కటి.

చెమట కళ్ళల్లోకి వస్తున్నది. అండాలమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. చుట్టడానికి పట్టీ కావాలని నాయిన అంటే, కిందికి పోయి పాలప్యాకెట్ కడిగి తెచ్చి కైంచీతో సన్నటి పట్టీ కత్తిరించింది, మొదటినుంచి చివరిదాకా ఒకే వెడల్పు. పోచంపల్లిలో రంగు ఎక్కకుండా నూలుకు చుట్టిన పట్టీలు ఎన్ని కత్తిరించిన చేతులో అవి.

“ఊపిరి బిగవట్టు,” అన్నాడు నాయిన. బిగబట్టాను. బెరడు మాత్రమే విడిపోయింది. లోపల తడి మెరిసింది. కన్ను జారి, తన జాగాలో కూర్చుంది.

“ఇగ పట్టి. ఒక కొన నోట్లె వెట్టుకో. పండ్లతోని గుంజి పట్టు, చేతితోని చుట్టు. వదిలితె కన్ను జరుగుతది.”

పట్టీ కొనను పళ్ళతో పట్టుకొని చుట్టడం మొదలుపెట్టాను. అప్పుడే అండాలమ్మ అడిగింది. “నీళ్ళు తాగుతవా పిల్లా?”

తల ఊపాను.

“తాగుతవా, తాగవా?”

మళ్ళీ ఊపాను.

“ఏంది, నోరు పడిపోయిందా ఇయ్యాల?”

నాయిన నవ్వుతూ అన్నాడు, “నోట్లె పట్టి ఉన్నోళ్ళు ఏం మాట్లాడ్తరు? సారు వచ్చి ఎన్నయినయ్ అంటె నేను గూడ గిట్లనే ఊపుతుంటి. వదిలితె కన్ను వోతది గద.”

నేను చుట్టడం ఆపాను.

“చుట్టు, చుట్టు,” అన్నాడు.

చుట్టాను. కళ్ళముందు ఆ వంగిన వీపు. దాని అవతలి వైపు నేను చూడని మొహం. పళ్ళ మధ్య పట్టీ.

“ఇప్పుడు నీకు నోరు లేదు గని, నేనొకటి చెప్త,” అన్నాడు నాయిన. “ఆ దినం సభల నువ్వు లేశి మాట్లాడితివి. నేను తల దించుకుంటి. సిగ్గుకనుకున్నవ్. గాదు. ముప్ఫై ఏండ్లల నా పేరు మైకుల వింటనని నేననుకోలె. కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. మంది ముంగట ఎట్ల తుడుసుకోను?”

పిలక మీద ఆయన ఎడమచెయ్యి కదల్లేదు.

“సారు పిలుసుడు బందుజేసిండనుకున్నవ్ నువ్వు. రెండుసార్లు మనిషిని తోలిండు. నేనే పోలె. పేరు చెప్పినంక మల్ల పేరు లేనోని లెక్క పోయి కూసోబుద్ధి కాలె. సభ తెల్లారి ఆఖరుసారి పోయి ఈ ఒక్కటి కట్టుకొచ్చిన. లచ్చలు కట్టిన, నా ఇంటికి కట్టింది ఇదే.”

“మరి ఈ చెయ్యి?” అంది అండాలమ్మ. నేను అడగలేనిది ఆమె అడిగింది.

“బీపీ గోలీలు పోయిన దసరకే బంద్ వెట్టిన. అవి ఏసుకుంటె కండ్లు తిరిగి కత్తి వణుకుతుండె. మీ అమ్మకు చెప్పలె.” నా వైపు చూశాడు. “నువ్వు చేసింది గాదు బిడ్డా. నేను జేసుకున్న.”

చివరి చుట్టు ముడి వేశాను. పట్టీ నోట్లోంచి వదిలాను. అప్పుడు మాట్లాడొచ్చు. ముక్కు తుడుచుకున్నాను.

“ఇరవై ఒక్క దినం విప్పొద్దు,” అన్నాడు నాయిన.

అండాలమ్మ కిందికి పోయి మిగిలిన పూలతో బతుకమ్మ పేర్చింది. ఈసారి చిన్నగా వచ్చింది.

సెప్టెంబర్ 26

జూలై 11 పేజీ తెరిచాను. జంబేరి లేస్తున్నదని రాసుకున్న పేజీ. నా అక్షరాల కింద పచ్చ అక్షరాలు: “బత్తాయిలో అంటు ముడికి కింద వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు తీసివేయాలి. లేనిచో అంటు ఎండిపోవును.”

ఊళ్ళో ప్రతి కాగితం చదివేదాన్ని. ఈ ఒక్క వాక్యం మీద రాసుకుంటూ పోయాను.

సాయంత్రం అండాలమ్మ దగ్గరికి పోయి థాంక్స్ చెప్పాను.

“ఎందుకు? కొమ్మకా?”

“ఇటుకలకు.”

“అవి ఆగస్టుల ఇచ్చిన,” అంది.

సెప్టెంబర్ 29

అమ్మ కొత్త గోలీలు తెచ్చింది. నాయిన నోట్లో వేసుకొని, మింగి, నోరు తెరిచి చూపించాలి. కావలి నేను. నాలుక కింద కూడా చూస్తున్నాను. “పోలీసులు నయం,” అంటున్నాడు.

అక్టోబర్ 11

కృతజ్ఞత కరపత్రం ఆయన మళ్ళీ వచ్చాడు, ఇంకో అయిదు వందలు కావాలని. మిషన్ వేడెక్కేలోగా అడిగాను, “తిన్నరా?” లేదన్నాడు. పొద్దుటి నుంచి బస్సులో ఉన్నాడట. నా టిఫినులోది సగం పెట్టాను. మూడో ముద్దకు కళ్ళు తెరుచుకున్నాయి. “మీ అమ్మకు నా నమస్తె చెప్పమ్మా,” అన్నాడు.

వాక్యం గురించి నేనేమీ అనలేదు. ఆకలి మీద రాసి ఉంటాడు. వెయ్యిన్నొకటో కాపీ ఈసారి కూడా తీసుకున్నాను. మిగతా వాక్యాలు నిజమే.

అక్టోబర్ 16

ఇరవై ఒకటో రోజు. నాయిన ఈసారి ఒక్కో మెట్టూ నిలబడే ఎక్కాడు, నా భుజం పట్టుకొని. అమ్మ చర్చి మాని వచ్చింది. అండాలమ్మ పిలవకుండానే వచ్చింది.

పట్టీ విప్పాను. కన్ను నల్లబడి ఉంటే చచ్చినట్టు.

పచ్చగా ఉంది. బెరడు రెక్కల మధ్య, బియ్యపుగింజంత, పచ్చగా.

“పట్టింది,” అన్నాడు నాయిన.

అమ్మ స్తోత్రం అనకముందే ఆ మాట నేను అన్నాను. నా వైపు విచిత్రంగా చూసింది.

నవంబర్ 6

కన్ను విప్పుకున్నది. పైనున్న జంబేరి కొమ్మను వంచి కట్టమన్నాడు నాయిన, కోయొద్దని. చిగురుకు కాళ్ళొచ్చేదాకా దాని అన్నం దీనికి కావాలట. వంచి తాడు కట్టాను. కోపం రాలేదు, ఎవరి తరఫునా.

నవంబర్ 20

అండాలమ్మ తనకూ ఒకటి కావాలన్నది. “కని నీళ్ళు నా మంచం మీద పోయకుండ పెంచాలె.” నాయిన జంబేరి గింజలు నానబెట్టించాడు. మొలిచి అంటుకు వచ్చేసరికి ఏడాది పడుతుందని చెబితే, “నేనేడికి పోత?” అంది.

డిసెంబర్ 18

కొత్త కొమ్మకు ఆరు ఆకులు. వెడల్పుగా, లేతగా, ఎండ పడితే నరాలు కనిపించేటట్టు.

నాయిన డాబా మీద కుర్చీలో కూర్చున్నాడు. ఎడమచేత్తో రబ్బరు బంతి కుడిచేతిలో పెట్టుకొని నొక్కుతున్నాడు. అది ఒక్కోసారి వింటుంది, ఒక్కోసారి వినదు.

ఆరింట్లో ఒకటి తెంపాను. జూలైలో అడిగాడు. అప్పుడు ఇవ్వలేదు.

కుడి అరచేతిలో పెట్టాను. ఎడమచేత్తో ఆ వేళ్ళను ఒకటొకటిగా ముడిచాడు. ముడిచాక ఎడమచెయ్యి తీసేశాడు. వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి. కొంచెం బిగిశాయి కూడా, ఆకు నలిగిన చప్పుడు విన్నాను. పిడికిలిని మెల్లగా ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

“బత్తాయే,” అన్నాడు.

పిడికిలి నా ముక్కు దగ్గర కూడా పెట్టాడు. తల ఊపాను.